తెల్లబోడు మీద ఆకాశం

ఢిల్లీ నుంచి పిలుపు వచ్చిన రోజున జయమణికి మొట్టమొదట కలిగిన ఆలోచన, ఈ సంగతి భారతికి ఎంత త్వరగా తెలుస్తుందా అని. సంతోషం ఆ తర్వాత కలిగింది.

అది 1961. జయమణి హైదరాబాదులో ఒక అబ్జర్వేటరీలో పనిచేస్తోంది. నక్షత్రాల వెలుగును కొలవడం ఆమె పని. ఆ కొలతలో ఆమె చేతికి తిరుగులేదని ఆ శాస్త్రం తెలిసినవాళ్లంతా ఒప్పుకునేవారు. వాళ్లు దేశం మొత్తం మీద ఒక పెద్ద గదిలో పట్టేటంత మందే ఉండేవారనుకోండి. ఆకాశాన్ని పరిశోధించే పనుల్లో దేనికి డబ్బివ్వాలో, దేనికి వద్దో సలహా చెప్పమని కేంద్రంలోని ఒక శాఖ ఏడుగురు శాస్త్రజ్ఞులతో సంఘం వేసింది. అందులో జయమణి పేరుంది. మిగతా ఆరుగురూ మగవాళ్లు. భారతీదేవి పేరు లేదు.

ఇద్దరూ నందిగామ బోర్డు హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లు. జయమణి తండ్రి ఆశీర్వాదం గారు మిషను బడిలో పంతులు. భారతి జగ్గయ్యపేటలో మిరపకాయల వ్యాపారి కూతురు. చదువుకోసం నందిగామలో మేనత్త ఇంట్లో ఉండేది. క్లాసులో మొదటి మార్కు ఎప్పుడూ జయమణిదే. కానీ ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్లాక ఆయనకు గుర్తుండేది భారతి. భారతి లేచి నిలబడి ఏదో ఒకటి అడిగేది. తప్పు చెప్పినా తనే ముందు నవ్వేసేది. ఆ నవ్వుకి పంతుళ్లు కూడా నవ్వేవారు. జయమణి ఒప్పు చెప్పి కూర్చుంటే, ఆ సంగతే ఎవరూ గమనించేవారు కాదు.

గుంటూరులో కాలేజీ, విశాఖపట్నంలో ఆనర్సు కూడా కలిసే చదివారు. ఆనర్సులో జయమణి యూనివర్సిటీకే మొదటిది. ఆ ఏడే ఆశీర్వాదం గారు పోయారు. తల్లి ఆరోగ్యమ్మ, చదువుకుంటున్న తమ్ముళ్లిద్దరూ ఆమె మీద పడ్డారు. దొరికిన ఉద్యోగంలో చేరిపోయింది. భారతి ఇంగ్లండు వెళ్లింది. మూడేళ్ల తర్వాత డాక్టరేటు పట్టుకొచ్చి, విశాఖపట్నం యూనివర్సిటీలో పెద్ద ఉద్యోగంలో చేరింది. వస్తూ వస్తూ జయమణి కోసం ఒక ఊలు కోటు తెచ్చింది. జయమణి దాన్ని పెట్టె అడుగున పెట్టేసి, హైదరాబాదులో అంత చలెక్కడిదని చెప్పేది.

ఆ తర్వాత భారతి ఫోటో పేపర్లో పడేది. రేడియోలో ఆమె ప్రసంగం వస్తే పక్కింటివాళ్లు జయమణిని కేకేసి మరీ వినిపించేవారు, "మీ ఊరావిడేనటగా" అని. జయమణి కూర్చుని చివరిదాకా వినేది. ఎక్కడైనా తప్పు దొర్లుతుందేమోనని వినేది. దొర్లకపోతే ఆ పూట అన్నం సయించేది కాదు.

ఆదివారం గుడిలో మోకరిల్లినప్పుడు ఆమె అన్నీ దేవుడికి చెప్పుకునేది. ఇదొక్కటి చెప్పుకునేది కాదు. చెప్పుకుంటే అది ఉన్నట్టు ఒప్పుకోవాలి మరి.

కాబట్టి ఢిల్లీ సంఘంలో స్థానం అంటే ఆమెకు మామూలు గౌరవం కాదు. చదువు ముగిశాక తనకు దక్కి భారతికి దక్కని మొదటి సంగతి అది.

రెండో సమావేశంలో శాఖ కార్యదర్శి సంగతి విప్పి చెప్పాడు. ఈ పంచవర్ష ప్రణాళికలో ఒక్క పెద్ద పనికే డబ్బుంది. దేశం నలుమూలల నుంచీ వచ్చినవాటిలో నిలబడ్డవి రెండు. ఒకటి బొంబాయివాళ్లది: పెద్ద బెలూన్లకు పరికరాలు కట్టి పైకి వదిలి, ఆకాశం నుంచి వచ్చే కిరణాలను కొలవడం. రెండోది కొండ మీద పెద్ద టెలిస్కోపు. "ఏది ముందో మీరు తేల్చండి. మీరెలా చెబితే అలా చేస్తాం. మాకు నక్షత్రాల సంగతి తెలీదు" అన్నాడు.

కొండ టెలిస్కోపు ఎవరు అడిగారో, ఎక్కడ అడిగారో చూసి, జయమణి ఆ కాగితం మళ్లీ మొదటినుంచి చదివింది. అడిగినది డాక్టర్ భారతీదేవి. కొండ తెల్లబోడు.

తెల్లబోడు అంటే జగ్గయ్యపేటకీ వత్సవాయికీ మధ్యనున్న సున్నపురాతి గుట్ట. చుట్టూ పత్తిచేలు, జొన్నచేలు. సెలవుల్లో భారతి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఇద్దరూ దానిమీదికి ఎక్కేవాళ్లు. ఆనర్సు చదివే రోజుల్లో ఒక సాయంత్రం దాని మీద కూర్చుని జయమణే అంది: "ఇక్కడో టెలిస్కోపు పెడితే ఇంక ఏ దేశమూ పోనక్కర్లేదే." ఆ మాట భారతికి గుర్తుందో లేదో. గుర్తుండి ఉండదు. కావాలని దొంగిలించినా జయమణి ఇంత రగిలిపోయేది కాదేమో. ఎవరన్నారో కూడా మర్చిపోయి, హాయిగా తనదనుకుంటోందే, అదీ మంట.

స్థలం చూడడానికి ఇద్దరు సభ్యులు వెళ్లాలన్నారు. రెండో ఆయనకి జబ్బు చేసింది. సంఘం అధ్యక్షుడు సేన్‌గుప్తా గారు జయమణిని ఒక్కదాన్నే వెళ్లి రమ్మన్నారు.

"ఆవిడ నా క్లాస్‌మేటండి. అది మా సొంత ప్రాంతం కూడా" అంది జయమణి.

ఆ పెద్దాయన నవ్వాడు. "అమ్మా, ఈ దేశంలో ఈ చదువు చదివిన ప్రతివాడూ ఇంకొకడికి క్లాస్‌మేటే. అలా అయితే ఎవరూ ఎవరి గురించీ చెప్పకూడదు. మీరు అక్కడ పుట్టారు కాబట్టే మీ కన్ను కావాలి. వెళ్లండి. చూసింది చెప్పండి."

జనవరిలో ఆమె నందిగామ వచ్చింది. తల్లి దగ్గర బస. బ్లాకు ఆఫీసు వాళ్లు జీపు ఇచ్చారు, డ్రైవరు మొహిద్దీన్. జగ్గయ్యపేట మీదుగా చేలగట్ల బాటలో తెల్లబోడు కిందికి చేరేసరికి పొద్దు వాలుతోంది. భారతి అప్పటికే వారం నుంచి వత్సవాయిలో మకాం పెట్టి, చిన్న టెలిస్కోపూ సామానూ గుట్టపైకి చేర్పించి ఉంచింది. జీపు ఆగీ ఆగకముందే పరుగెత్తుకొచ్చి జయమణిని గట్టిగా కౌగిలించుకుంది.

"ఏవే మణీ! నిన్నే పంపిస్తారని నేననుకున్నా తెలుసా? అసలు నిన్ను కాక ఎవర్ని పంపిస్తారు!"

"ఇంకొకాయన రావాల్సింది. జబ్బు చేసింది" అంది జయమణి.

"మంచిదే అయింది పాపం" అని నవ్వేసింది భారతి. ఆమె జుట్టు రేగిపోయి ఉంది. చీర కుచ్చెళ్లకి పల్లేరుకాయలు అంటుకున్నాయి. అయినా ఆమె నిలబడితే పక్కనున్న కూలీలు, మొహిద్దీన్, అందరూ ఆమెవైపే చూస్తున్నారు.

పైకెక్కాక జయమణి నైరుతి దిక్కుకి చూపించింది. అక్కడ అరడజను సున్నపు బట్టీలు పొగలు కక్కుతున్నాయి. "అవి?"

"చూడవే, పొగ ఎటు వంగి ఉందో!" అంది భారతి. పొగ గుట్టకు దూరంగా, పడమటికి వాలి ఉంది. "కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఇక్కడ తూరుపు గాలే కదా. నీకు నేను చెప్పాలా? ఎండాకాలం పడమటి గాలొస్తే దుమ్మొస్తుంది. ఎండాకాలం ఎలాగూ మసకే. మనకి కావాల్సిన నెలల్లో ఒక్క రవ్వ ఇటు రాదు."

అది నిజమని జయమణికి తెలుసు. చిన్నప్పటి నుంచీ చూసిన గాలి.

అక్కడున్న వారం రోజులూ ఆమె తన పరికరాలు పెట్టి, వెలుగు కొలిచింది. ఆమె పనిలో ఎప్పుడూ ఉండే శ్రద్ధే, తక్కువ చేయలేదు. చేయలేదు కాబట్టే కష్టంగా ఉంది. ఆకాశం ఏ మాత్రం మసగ్గా ఉన్నా ఆమెకు హాయిగా ఉండేది. ఆ వారం తెల్లబోడు మీద ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. హైదరాబాదులో పదిహేనేళ్ల ఉద్యోగంలో ఆమె ఇలాంటి కొలతలు చూడలేదు. ఒక్కో అంకె రాసుకుంటున్నప్పుడల్లా అది భారతికి వేస్తున్న దండలా కనిపించింది.

తిరుగు ప్రయాణానికి ముందు తల్లి అన్నం పెడుతూ అడిగింది. "ఏవమ్మా, వస్తుందా మరి అది మన వైపు?"

"తెలీదమ్మా."

"వస్తే బాగుండు. నువ్వూ ఇక్కడికే వచ్చేయొచ్చుగా. ఎన్నాళ్లు ఒక్కదానివే ఆ హైదరాబాదులో?"

"దానికి పెద్ద భారతి అవుతుందమ్మా. నేను వస్తే దాని కింద పనిచేయాలి."

"అయితే ఏంటే? భారతేగా. ఎవరో పైవాళ్లా?" అంది ఆరోగ్యమ్మ. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

ఏప్రిల్లో ఢిల్లీలో సంఘం కూర్చుంది. బొంబాయి పథకం గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. తర్వాత తెల్లబోడు. జయమణి తన అంకెలు చదివింది. అందరూ తలలూపారు. అప్పుడు కలకత్తా సభ్యుడు ఒకాయన అడిగాడు.

"అంకెలు చాలా బాగున్నాయి. కానీ ఇవి వారం రోజుల అంకెలు. పక్కన సున్నపు బట్టీలున్నాయని విన్నాను. మిగతా నెలల్లో దుమ్ము మాటేమిటి?"

అందరూ జయమణివైపు చూశారు. ఆ గదిలో ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. జవాబు నాలుగు మాటలు. గాలి ఎటు వీస్తుందో, ఏ నెలల్లో వీస్తుందో చెబితే చాలు. ఆ నాలుగు మాటలూ నోటిదాకా వచ్చాయి కూడా. అవి బయటికి వస్తే భారతి గెలుస్తుంది. గుట్ట మీద భారతి పేరు ఉంటుంది, పేపర్లో భారతి ఫోటో ఉంటుంది, తనేమో ఆ ఫోటోలో లేని మనిషి.

"బట్టీలు ఉన్నమాట నిజమేనండి" అంది జయమణి. "నేనా ప్రాంతపు మనిషిని. అడిగినావిడ నాకు చిన్ననాటి స్నేహితురాలు. నా కొలతలు మీ ముందు పెట్టాను. అంతకుమించి నా అభిప్రాయం చెప్పడం ధర్మం కాదనుకుంటున్నాను."

కార్యదర్శి మెచ్చుకోలుగా తలపంకించాడు. "ఇలాంటి నిజాయితీ మా ఆఫీసుల్లో ఉంటే ఎంత బాగుండు!" అన్నాడొకాయన. సేన్‌గుప్తా గారు మాత్రం కళ్లద్దాలు తీసి ఆమెవైపు కాసేపు చూశారు. స్నేహితురాలే నోరు విప్పడం లేదంటే ఏదో ఉండే ఉంటుందని మిగతావాళ్లకు అనిపించింది. అరగంటలో తేలిపోయింది. బెలూన్లు ముందు. టెలిస్కోపు సంగతి రెండేళ్ల తర్వాత మళ్లీ చూడాలి.

తిరుగు రైల్లో జయమణికి చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది. కాజీపేటలో పూరీలు కొనుక్కుని తింది. తను అబద్ధం ఆడలేదు. ఒక్క అంకె మార్చలేదు. ఆ మాట తనకు తానే పదిసార్లు చెప్పుకుని, ఆమె హాయిగా నిద్రపోయింది.

నెల తిరక్కుండా భారతి హైదరాబాదు వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. అయినా ముందుగా అడిగింది ఆరోగ్యమ్మ ఆరోగ్యం గురించే. తర్వాత అంది: "దుమ్ము దగ్గర ఆగిపోయిందటగా. గాలి సంగతి ఎవరూ ఎత్తలేదా?"

"నన్నడిగారు. నేను మాట్లాడలేదు. స్నేహితురాల్ని కదా, బాగుండదని…"

భారతి ఒప్పేసుకుంది. "నిజమేలే. నువ్వు చెబితే నాకోసం చెప్పావనేవాళ్లు. నీ స్థానంలో ఉంటే నేనాగలేకపోయేదాన్నే. గడగడా చెప్పేసేదాన్ని. నువ్వు నాకన్నా గట్టిదానివి మణీ."

ఆ మాట ఆమె అక్కడితో వదల్లేదు. విశాఖపట్నంలో, జగ్గయ్యపేటలో, ఎవరు కదిపినా జయమణి నిజాయితీ గురించి చెప్పేది. ఆ పొగడ్తలు తిరిగి తిరిగి జయమణి చెవిన పడుతుండేవి. పొగుడుతున్నది భారతి. జీవితమంతా కోరుకున్నది అదే. ఇప్పుడది వింటుంటే ఎవరో వీపుమీద వేడినీళ్లు పోస్తున్నట్టుండేది.

1964 మొదట్లో ఆరోగ్యమ్మకు జ్వరమొస్తే జయమణి సెలవుపెట్టి బస్సెక్కింది. గరికపాడు దాటి జగ్గయ్యపేట దగ్గరపడుతుండగా ఎక్కడో ఉరిమినట్టయింది. ఆకాశంలో మబ్బు లేదు. మళ్లీ ఉరిమింది. పక్క సీట్లో పెద్దాయన అన్నాడు: "తూటాలు పేలుస్తున్నారమ్మా. తెల్లబోడు కంపెనీవాళ్లకిచ్చారుగా. సిమెంటుకి రాయి."

ఆమె జగ్గయ్యపేటలోనే దిగిపోయింది. జట్కా మాట్లాడుకుని చేలబాట పట్టింది. గుట్టకి ఇటువైపు సగం లేదు. తాము కూర్చున్న చోటు అసలు గాలిలో కలిసిపోయింది. తెల్లటి కోత మీద మనుషులు చీమల్లా పాకుతున్నారు. కింద లారీలు వరసగా నిలబడ్డాయి. ప్రభుత్వం టెలిస్కోపుకని అట్టేపెట్టి ఉంటే ఆ గుట్టను ఎవరికీ ఇచ్చేది కాదు. రెండేళ్ల తర్వాత చూద్దామన్నారు కాబట్టి ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంది కాబట్టి ఇచ్చేశారు.

జయమణి జట్కా దిగలేదు. నాలుగు మాటలు, అనుకుంది. బండి వెనక్కి తిప్పించి నేరుగా భారతి పుట్టింటికి వెళ్లింది. తండ్రి పోయిన తర్వాత ఆస్తి పనుల కోసం భారతి అప్పుడు అక్కడే ఉంది. వెనక వసారాలో మిరపకాయల బస్తాల మధ్య కూర్చుని లెక్కలు చూసుకుంటోంది.

"చూసొచ్చావా?" అంది భారతి. "నేను చూళ్లేక అటు పోవడమే మానేసా."

జయమణి నిలబడే చెప్పింది. "భారతీ, ఆ రోజు నేను ధర్మానికి నోరు మూసుకోలేదే. సేన్‌గుప్తా గారు ముందే నన్ను మాట్లాడమన్నారు. స్నేహమైనా పర్లేదు, చూసింది చెప్పమన్నారు. నాకు గాలి సంగతి తెలుసు. చెబితే నీకొచ్చేస్తుందని చెప్పలేదు."

భారతి ముందు నవ్వబోయింది. తర్వాత ఆ నవ్వు మధ్యలో ఆగింది.

"నాకొస్తే ఏం?"

"నీకన్నీ వస్తాయని. నాకే ఏమీ రావని. బడిలో ఉన్నప్పట్నుంచీ."

"ఏంటే నాకన్నీ వచ్చాయి?" భారతి లేచి నిలబడింది. "నీ మార్కులు చూసి మా నాన్న నన్ను రోజూ తిట్టేవాడు. నాకేం వచ్చిందో నన్నెప్పుడైనా అడిగావా? సరే, వచ్చాయే అనుకో. నా మీద మంటుంటే నన్ననొచ్చుగా! నా జుట్టు పట్టుకోవచ్చుగా! ఆ కొండ ఏం చేసిందే? అది నాదనుకున్నావా నువ్వు?"

భారతి లెక్కల పుస్తకం మూసేసింది.

"రెండేళ్లు నిన్ను పొగుడుతూ తిరిగా ఊరంతా" అంది భారతి మెల్లగా. "నాకు చెప్పి ఏం లాభం? ఎవరి దగ్గర దాచావో వాళ్ల దగ్గరికెళ్లి చెప్పు. ఇప్పుడు మాత్రం వెళ్లిపో."

జయమణి వెళ్లింది. తల్లి జ్వరం తగ్గాక ఢిల్లీకి కూడా వెళ్లింది. ఆ ఏప్రిల్ సమావేశంలో, టెలిస్కోపు మాట మళ్లీ వచ్చినప్పుడు, మిగతా ఆరుగురి ముందూ గాలి సంగతి చెప్పింది. రెండేళ్ల కిందటే తనకు తెలుసని, అసూయవల్ల చెప్పలేదని అదే గొంతుతో చెప్పింది. ఎవరికీ తల ఎత్తి చూడబుద్ధి కాలేదు. కార్యదర్శి ఇది రాసుకోవాలా వద్దా అన్నట్టు కలం పట్టుకుని కూర్చుండిపోయాడు. సేన్‌గుప్తా గారు ఒక్కరే అన్నారు: "నాకు ఆ రోజే అనుమానం వచ్చిందమ్మా. అడగకపోవడం నా తప్పు. రాసుకోండి." జయమణి సంఘంలోంచి తప్పుకుంది. తెల్లబోడు ఎలాగూ పోయింది. మరో కొండ వెతకడానికి భారతీదేవికి కొద్దిపాటి సొమ్ము ఇవ్వాలని మిగిలినవాళ్లు సిఫారసు చేశారు.

మూడేళ్లు భారతి దగ్గర్నుంచి మాట లేదు. జయమణి రెండుసార్లు పలకరించబోయింది. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. తల్లికి మాత్రం సంగతి చెప్పింది. "అది నీ పక్కన కూర్చుని మనింట్లో అన్నం తిన్న పిల్లే" అంది ఆరోగ్యమ్మ.

1967లో ఒక మధ్యాహ్నం భారతి అబ్జర్వేటరీకి తనే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"దూరంగా మెట్ట ప్రాంతంలో ఇంకో కొండ దొరికింది. తెల్లబోడంత మంచిది కాదు. చిన్న టెలిస్కోపుకి డబ్బు మంజూరైంది. ఆకాశం కొలిచేవాళ్లు కావాలి. ఇద్దర్ని పెట్టి చూశా, వాళ్లవల్ల కాలేదు" అంది. "స్నేహం సంగతి నన్నడక్కు. అది నాకే తెలీదు. పనుంది. వస్తావా?"

"నీ కిందా?"

"నా కిందే."

జయమణి వెళ్లింది. ఏడాదిపాటు సెలవుల్లోనూ, సెలవు పెట్టీ వెళ్లింది. ఇద్దరూ పని మాటలే మాట్లాడుకునేవారు. కొన్నాళ్లకు మధ్యలో వంట మాటలు, ఊరి మాటలు కూడా కలిశాయి. పాతరోజుల్లా మాత్రం కాదు. టెలిస్కోపు బిగించిన రోజు ఢిల్లీ నుంచి అధికారులు వచ్చారు. భారతికి దండలు వేశారు, ఫోటోలు తీశారు. జయమణి గుమ్మటం లోపల సామాను సర్దుతూ ఉండిపోయింది. ఆ సందడి అంతా అయ్యాక, పొద్దుగూకే వేళ భారతి మెడలోని దండ తీసి పక్కన పెట్టి లోపలికి వచ్చింది. జయమణి మొహంలోకి సూటిగా చూసింది.

"ఇంకా ఉందా నా మీద ఆ మంట?"

జయమణి అబద్ధం చెప్పదలచుకోలేదు. "ఉందే. ఇప్పుడు కూడా."

పైకప్పు తలుపు లాగే గొలుసు ఒక కొస భారతి పట్టుకుని, రెండో కొస జయమణి చేతికిచ్చింది. "సరే, లాగు. ఒక్కదానివల్ల కాదిది" అంది. ఇద్దరూ కలిసి లాగారు.